ఒంపేసిన వెల్లుల్లి నూనె

ఫిజీ దీవుల్లోని లంబాసా చెరకు తోటల్లో ఎవరికి చెవిపోటు వచ్చినా అందరికీ అవ్వలాంటి రామ్‌దులారి ఆజీ ఇంటికే వచ్చేవారు. కొబ్బరినూనెలో వెల్లుల్లి కాచి ఆమె వేసే చుక్కలంటే అంత గురి.

ఆ పొద్దున సునైన కూతుర్ని ఎత్తుకొచ్చింది. పిల్ల చెవి వెనక వాచిపోయి, ఒళ్లు కాలిపోతోంది.

"ఇది నా వల్ల కాదే, ఆస్పత్రికి తీసుకెళ్లు."

"నీ చేతి చుక్క చాలు ఆజీ, వెయ్యి!"

ఎంత చెప్పినా కదలకపోయేసరికి ఆజీ నూనె సీసా పెరట్లో ఒంపేసింది. సునైన తిట్టుకుంటూ బస్సెక్కింది.

డాక్టరు కోసి చీము తీశాక పిల్ల కోలుకుంది.

వారం తర్వాత సునైన పరుగున వచ్చింది. "పోయినేడు నువ్వేసిన చుక్కల బలమే కాపాడిందని ఊరంతా చెప్పాను ఆజీ!"

ఆమె వెనకే ఐదుగురు వచ్చారు. ఒకాయన గుండె పట్టుకుని ఉన్నాడు.

"ఆస్పత్రికి పో నాయనా," అని ఆజీ బతిమాలింది.

అతను అరుగు మీద కూర్చున్నాడు.