టీవీలో లేచిన టెంకాయ

నిజమైన బతుకులు చూపిస్తామంటూ టీవీవాళ్ళు మా తమ్ముడి చేలోకి వచ్చింది రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో. అప్పటికే వాడి బోర్లు రెండూ ఎండిపోయాయి. మూడోదాంట్లో కూడా నీళ్ళు పడకపోతే చేను వదిలి బెంగళూరికి కూలికి పోవాలని మొగుడూపెళ్ళాలు నిశ్చయించుకున్నారు.

మా వైపు బోరుకు ముందు నీళ్ళు చూసే మనిషిని పిలుస్తారు. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకొని ఆయన చేనంతా నడుస్తాడు. అడుగున నీళ్ళున్న చోట అది దానంతటదే లేచి నిలబడుతుందని నమ్మకం. ఆ పొద్దు ఉత్తరపు గట్టున, కంపచెట్ల పక్కన లేచింది. గాలి కూడా ఆగిపోయినట్టనిపించింది. దూరంగా కళ్యాణదుర్గం బస్సు చప్పుడు లేకుండా దుమ్ములో తేలుతూ పోయింది. ఆయన అక్కడ గుర్తుకు పసుపు రాసిన రాయి పెట్టాడు.

"ఇక్కడ వెలుతురు బాలేదండీ. ఆ చింతచెట్టు కింద ఇంకోసారి చేయండి, వెనక కొండ కూడా పడుతుంది" అన్నాడు కెమెరా ఆయన.

"నువ్వు చెప్పిన తావునంతా లేసి నిలబడేదానికి ఇదేమన్నా పోలీసా అప్పా?" అన్నాడు నీళ్ళు చూసే ఆయన. అందరం నవ్వాం. ఒప్పించారు. రాయిని కూడా అక్కడికే మోసుకుపోయారు, తిరిగి పెట్టలేదు. చింతచెట్టు కింద టెంకాయ మూడోసారికి లేచింది. ఆయన బొటనవేలు కదలడం నేను చూశాను.

"మా బతుకుల్లో ఏముండాదని ఇంత దూరం వచ్చినారు సామీ?" అని వాళ్ళ పెద్దను అడిగాను.

"సీరియల్‌కైతే కథ రాయించాలి, నటుల్ని పెట్టాలి. ఇక్కడ రెండూ ఉన్నాయి కదా పెద్దాయనా" అని నవ్వాడు. ఒళ్ళు మండింది. మా కరువు వాడికి అంత చవగ్గా దొరికింది!

పదిరోజులకు టీవీలో వచ్చింది. కొండ, చింతచెట్టు, ఎక్కడిదో పిల్లనగ్రోవి. టెంకాయ నిద్రలోంచి లేచినట్టు మెల్లగా లేచింది. చేతులు జోడించి ఏడుస్తున్న తనను చూసుకొని మరదలు మళ్ళీ ఏడ్చింది. నేనూ నోరు తెరుచుకొని చూశాను. ఎదుటివాడి ఆశ నిలుస్తుందా కూలుతుందా అని చూడడంలో ఏదో పాడు రుచి ఉంది. అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను గానీ, మింగింది నేనే.

మర్నాడు బోరు లారీ వచ్చింది.

"నాకేమో గట్టు కాడ లేసినట్లుండాది" అన్నాడు తమ్ముడు. "అన్నా, నీకు చిన్నప్పటి వానలు కూడా గుర్తుంటాయి. యాడ లేసింది?"

"మల్లా అడిగేదేముంది? ఊరంతా చూసింది గదా!" అంది మరదలు.

కళ్ళు మూసుకున్నాను. కొండ కనిపించింది, చింతచెట్టు కనిపించింది, పిల్లనగ్రోవి కూడా వినిపించింది. కంపచెట్లు ఎంత వెతికినా కనిపించలేదు.

"చింతచెట్టు కింద" అన్నాను.

మధ్యాహ్నమంతా తెల్లటి రాతిపొడి లేచింది. చింతాకు మీద, మా తలల మీద మంచులా మెత్తగా కురిసింది. తడి తగల్లేదు. వారానికే ఇద్దరూ బెంగళూరు బస్సెక్కారు.

కొన్నాళ్ళకు మరదలు ఫోన్ చేసింది.

"ఈడ మనవాళ్ళు నన్ను గుర్తుపడతాండారు బావా. టీవీలో ఏడ్చిన ఆయమ్మ గదా అంటాండారు."

"ఇంకేమడిగినారమ్మా?"

"ఎట్ల ఏడుపొచ్చింది అని అడిగినారు. నీళ్ళు పడినాయా అని మాత్రం ఒక్కరూ అడగల్యా" అంది. గొంతులో కొంచెం సంబరం కూడా ఉంది.