గడ్డిమందు సీసా, గట్టు విరిగిన నుయ్యి, ఏడాదిన్నర మనవరాలు: చీపురుపల్లి మీదుగా రామతీర్థం

పోయిన నెలలో మా మనవరాలు లాస్యకు జ్వరం పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు. మందులు మందుల దారిన వేస్తూనే, పిల్ల కోలుకుంటే తీసుకొచ్చి నీకు చూపిస్తానని రామతీర్థం రామయ్యకు మొక్కుకున్నాను. జ్వరం తగ్గింది. ఇంతలో మా అమ్మాయి శ్రావణికి ఉద్యోగం పరీక్ష దగ్గరపడింది. అల్లుడిది షిఫ్టుల పని, మావారికి సెలవు దొరకలేదు. పరీక్ష ముందు రోజూ పరీక్ష రోజూ దానికి ఇంట్లో నిశ్శబ్దం దొరికినట్టు ఉంటుంది, నా మొక్కూ తీరుతుంది అని పిల్లను నేనొక్కదాన్నే తీసుకెళ్తానన్నాను. తల్లిని వదిలి లాస్య ఒక రాత్రి ఉండడం అదే మొదలు. శ్రావణి వెంటనే ఒప్పుకోలేదు. నేను దిగబోయేది మా ఆడపడుచు ఇంట్లో. ఆ ఇంటి దొడ్లో నుయ్యి ఉందని దానికి గుర్తుంది. ఒంటి మీద గీత పడకుండా తెచ్చి నీ చేతిలో పెడతానని మాటిస్తే అప్పుడు పంపింది.

గురువారం ఉదయం విశాఖపట్నంలో పలాస వైపు వెళ్లే పాసింజరు ఎక్కాం. చీపురుపల్లికి రెండు గంటల పైచిలుకు. టికెట్టు సిటీ బస్సు చార్జీ కంటే పెద్ద ఎక్కువేమీ కాదు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు తలుపుల దగ్గర సీట్లలో కూర్చోకండి. విజయనగరంలో జనం దిగీ ఎక్కీ తోసుకుంటారు. నేను కిటికీ పక్కన కూర్చుని పిల్ల వేళ్లు షట్టరు కింద పడకుండా ఒక చెయ్యి అక్కడే ఉంచాను. ఎదుటి సీటు ఆవిడ లాస్యకు వేరుశనగలు పెట్టబోయింది. ఇంకా నమలడం సరిగా రాలేదని మెల్లగా చెప్పాను. ఆవిడ ముఖం ముడుచుకుంది. ముడుచుకుంటే ముడుచుకోనీ అనుకున్నాను.

స్టేషను బయట ఆటోలుంటాయి. మా ఆడపడుచు వాళ్ల ఊరు అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. మనిషికి ముప్పై చొప్పున నలుగురైదుగురిని ఎక్కించుకుంటారు, ఆటో మొత్తం మనకే కావాలంటే రెండు వందలు. పిల్ల ఉందని మొత్తం మాట్లాడుకున్నాను. ఆటో కుడి పక్కన అడ్డు కడ్డీ లేదని గమనించి, ఎందుకు లేదని డ్రైవరును అడిగాను. కడ్డీ ఉంటే జనం ఎక్కరన్నాడు. "గట్టిగ అట్టుకోండమ్మా, మద్దెలో రోడ్డు తవ్వేసి ఒగ్గేసినారు" అని మాత్రం చెప్పాడు. నా పైట చెంగుతో లాస్యను నా నడుముకు కట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా అతను అద్దంలో మమ్మల్ని చూసి నవ్వుకుంటూనే ఉన్నాడు.

మా వదిన పైడమ్మ, అంటే మావారి అక్క, గుమ్మంలోనే పిల్లను అందుకుని ముద్దాడింది. వాళ్లది వ్యవసాయం. కాస్త వరి, కొంత జీడితోట. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన ఇల్లు. ఇప్పుడు ఉన్నది వదిన, ఆవిడ భర్త, అంటే నాకు వరసకు అన్నయ్య, అన్నయ్య తల్లి అప్పలనర్సమ్మత్త. ఆవిడకు చూపు బాగా తగ్గిపోయింది, గోడ పట్టుకుని తిరుగుతుంది. మంచివాళ్లే అందరూ. కానీ అది పసిపిల్ల తిరిగే ఇల్లుగా నాకు కనిపించలేదు. చీర మార్చుకోకుండానే వెతకడం మొదలుపెట్టాను.

నడవలో పట్టెమంచం కింద కూల్‌డ్రింకు సీసా కనిపించింది. సగం దాకా పసుపు పచ్చటి నీళ్లు. మూత తీసి చూడబోతుంటే వదిన వచ్చి, అది గడ్డిమందు, చేలో కొట్టగా మిగిలిందని మామూలుగా చెప్పింది. అలాంటి సీసాలో పోసి నేల మీద పెట్టారేమిటని అడిగితే, ఈ ఇంట్లో తాగేవాళ్లు ఎవరున్నారని నన్నే ఎదురడిగింది. అన్నయ్యతో దాన్ని అప్పటికప్పుడు పశువుల శాల అటక మీద పెట్టించాను. దొడ్లో నూతికి గట్టు ఉంది గానీ ఒక పక్క విరిగి మోకాలి ఎత్తుకు వచ్చింది. పాత తలుపు రెక్క ఒకటి దాని మీద వేయించి, పైన రాళ్లు పెట్టించాను. నీళ్లు తోడుకోవాలంటే ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు, వదిన సణిగింది. మేడ మెట్లకు పిట్టగోడ లేదు, నులకమంచం అడ్డం వేశాను. ముంగిట్లో జీడిపిక్కలు ఆరబోసి ఉన్నాయి. బయటి ఊళ్ల వాళ్లకు తెలియకపోవచ్చు, పచ్చి జీడిపిక్క తొక్కలో ఉండే నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పిల్ల నోట్లో పెట్టుకుంటే ఇంకేముంది. వాటిని గోనెసంచులకు ఎత్తించేదాకా లాస్యను కిందికి దించలేదు.

వదిన చూసి చూసి అంది. "ఏటే సత్తీ, ఇల్లు సోదా సేస్తన్నావేటి? పోలీసోలు గూడ ఇలాగ ఎతకరు."

"కోపం తెచ్చుకోకు వదినా. దీని తల్లికి మాటిచ్చి వచ్చాను" అన్నాను.

"మేం నలుగుర్ని పెంచినాం ఈ ఇంట్లోనే. అందరూ బతికే ఉన్నారు" అని వదిన పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. నా అనుమానం మాత్రం పోలేదు.

వస్తువుల సంగతి తేలాక నా అనుమానం మనిషి మీదికి మళ్లింది. అప్పలనర్సమ్మత్త కొంగున ఏదో ముడి ఉంది. గంటకోసారి దాన్ని తడుముకుంటుంది. లాస్యను దగ్గరకు పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది, నేను వస్తే మాట ఆపేస్తుంది. పైగా నా చేతిసంచీ. దాన్ని నేను చాప పక్కన పెట్టి స్నానానికి వెళ్లి వచ్చేసరికి గోడ కొక్కేనికి వేలాడుతోంది. వదిన తగిలించలేదంది. జిప్పు వేసి ఉంది, నేను వెయ్యలేదు. లోపలున్నవి అన్నీ చూసుకున్నాను. కళ్లద్దాలు, రామనామం రాసుకునే పుస్తకం, పాలపొడి, నా బీపీ మాత్రలు, అన్నీ ఉన్నాయి. కిందికి దించి మళ్లీ నా పక్కనే పెట్టుకున్నాను. సాయంత్రం దీపం పెట్టి వచ్చేసరికి మళ్లీ కొక్కేనికి ఉంది, మళ్లీ దించి చాప పక్కన పెట్టుకున్నాను. కళ్లు కనబడని మనిషికి నా సంచీతో ఏం పని అనుకున్నాను. పెద్దావిడను అడిగితే బాగుండదని ఊరుకున్నాను. అడక్కపోయినా ఆ రోజంతా ఆవిడ మీదే చూపు పెట్టి ఉంచాను.

శుక్రవారం పొద్దున అప్పలనర్సమ్మత్త లాస్యకు తానే నీళ్లు పోస్తానంది. కాళ్లు బారజాపి, పిల్లను కాళ్ల మీద వేసుకుని, నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్లు పోసింది. నీళ్లు మరీ వేడేమోనని నేను రెండుసార్లు వేలు ముంచి చూశాను. సాంబ్రాణి పొగ పట్టి, నోట్లో ఏదో పెట్టింది. నేను చూసేలోపు పిల్ల మింగేసింది. తరవాత లాస్య నిద్రపోయింది. ఇంటి దగ్గర గంటకు మించి పడుకోని పిల్ల, పన్నెండు దాటినా కదల్లేదు. పిలిస్తే పక్కకు తిరిగి పడుకుంది. పూర్వం ముసలివాళ్లు పసిపిల్లలు ఏడవకుండా నల్లమందు నాకించేవారని మా అమ్మ చెప్పగా విన్నాను. ఆ కొంగుముడిలో అదే ఉందని నాకు నేను నిశ్చయం చేసుకున్నాను.

అంతలో ఆవిడ గోడ పట్టుకుని దొడ్లోకి నడిచింది, కొంగు తడుముకుంటూ. పిల్ల చాప మీద నిద్రలోనే ఉంది. ఆ ముడిలో ఏముందో ఇవాళ చూసి తీరాలని నేను చప్పుడు చెయ్యకుండా వెనకే వెళ్లాను. ఆవిడ నూతి గట్టు పక్కన కూర్చుని ముడి విప్పింది. చుట్టపీక. ఒక్క చుట్టపీక, ఒక బెల్లం ముక్క. చుట్ట వెలిగించబోతూ తల ఎత్తింది.

"సత్తీ, నా ఎనకాలెందుకు నిలబడ్డావు? లోన ఏదో రేకు సప్పుడవతంది, ఎళ్లి సూడు."

పరుగెత్తాను. లాస్య లేచి కూర్చుని ఉంది. నా సంచీ బోర్లా పడి ఉంది. దాని చేతిలో బీపీ మాత్రల రేకు, పళ్లతో కొరికి ఒక చోట చింపేసింది. అరచేతిలో సగం మాత్ర, తడిగా. మిగతా సగం చాప మీద లేదు, ఒళ్లో లేదు, నోట్లో వేలు పెట్టి చూస్తే లేదు. వదిన ఉప్పునీళ్లు తాగించి కక్కిద్దామని గ్లాసు తెచ్చింది. అది తెలిసిన వైద్యమో కాదో నాకు తెలియదు, వద్దన్నాను. పక్కింటి అబ్బాయి ఆటో ఉంటే పిల్లనూ ఆ రేకునూ పట్టుకుని ఎక్కాను. అప్పలనర్సమ్మత్త తనూ వస్తానని ఎక్కి కూర్చుంది. దారిలో నేను రామనామం కూడా సరిగా అనలేకపోయాను, మధ్యలో తప్పిపోతోంది.

చీపురుపల్లిలో ఆసుపత్రి డాక్టరమ్మ రేకు తీసుకుని చూసింది. రేకు తెచ్చి మంచి పని చేశారని, కక్కించకపోవడం ఇంకా మంచిదని చెప్పింది. పిల్లకు నాడి చూసి, చిన్న పట్టీతో బీపీ చూసి, మాత్ర మింగకముందు పిల్ల హుషారుగానే ఉందా అని అడిగింది. అప్పుడు నేను చెప్పక తప్పలేదు. పొద్దుట్నించీ మత్తుగా పడుకుందని, పెద్దావిడ ఏదో పెట్టిందని, ఏం పెట్టిందో తెలియదని, ఆవిడ పక్కన ఉండగానే చెప్పాను. డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది.

"బెల్లంముక్క ఎట్టినాను. గోరంత" అంది అప్పలనర్సమ్మత్త. తరవాత నా వైపు ముఖం తిప్పింది. "నల్లమందనుకున్నావు గదే? తిన్నగ అడగొచ్చు గదా. కళ్లు కనపడకపోతే సూపులు తెలీవనుకున్నావేటి?"

"తప్పయింది అత్తమ్మా" అన్నాను.

"తప్పు సంగతి తరవాత. నూనెట్టి నీళ్లోస్తే ఏ పిల్లయినా అలాగే పడుకుంటాది. నీ సంచీ నేల మీదుంటే పిల్లదానికే గదా అందుతాది. మా ఇంట్లో పిల్లలున్నన్నాళ్లూ ఏదీ కిందెట్టలేదు, ఉట్టి మీదో కొక్కేనికో. అందుకే తగిలించినాను. నేను తగిలిస్తే నువ్వు దించేస్తన్నావు. దొంగతనం సేస్తన్నాననుకున్నావేటి?"

అదీ నిజమే.

సాయంత్రం దాకా పిల్లను అక్కడే ఉంచి మళ్లీ మళ్లీ బీపీ చూశారు. లాస్య మంచం మీద నిలబడి నర్సమ్మ పెన్ను లాగుతోంది. దీపాల వేళకు డాక్టరమ్మ మింగినట్టు లేదని, మింగినా ప్రమాదం దాటిందని, రాత్రి ఒక కంట కనిపెట్టి ఉండమని చెప్పి పంపింది. ఇంటికొచ్చి చాప దులిపితే మిగతా సగం మాత్ర రాలి పడుతుందేమోనని చూశాను. కనబడలేదు. ఇప్పటికీ అది ఏమైందో నాకు తెలియదు.

శ్రావణికి అప్పటికి పరీక్ష అయిపోయింది. ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. అది అరవలేదు. పిల్ల గొంతు వినిపించమంది, విని, పొద్దున్నే రామతీర్థం వస్తున్నానని పెట్టేసింది.

శనివారం వేకువనే మేం ఆటోలో బయల్దేరి చీపురుపల్లి మీదుగా రామతీర్థం చేరాం. గంట పట్టింది, అయిదు వందలు తీసుకున్నాడు. విజయనగరం నుంచి వచ్చేవాళ్లకు ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సులు దొరుకుతాయి, శ్రావణి అలాగే వచ్చింది. కొండ కింద గుడి దగ్గర ఎదురుపడగానే పిల్లను నా చంకలోంచి తీసుకుంది. ఒళ్లంతా తడిమి చూసుకుంది. దర్శనం వరసలో నేను పక్కనే ఉన్నా పిల్లను దించలేదు, నాకు ఇవ్వలేదు. రామయ్య ముందు మాత్రం నేను దణ్ణం పెట్టుకుంటూంటే, శ్రావణి లాస్య రెండు చేతులూ పట్టి స్వామి వైపు జోడించింది. మొక్కు అలా తీరింది. బయటికి వచ్చాక జుట్టు ముడేసుకోవడానికి దానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. నేను చేతులు చాపాను. అది నా చేతుల వైపు చూసింది, నా భుజానికున్న సంచీ వైపు చూసింది, జిప్పు వైపు చూసింది. ఆ రెండు రోజులూ నేను ఆ ఇంట్లో అందరినీ చూసిన చూపు అదే. ముందు సంచీ తీసి తన భుజానికి వేసుకుని, ఆ తరవాత పిల్లను నాకిచ్చింది.

నాకు కష్టం అనిపించలేదని చెప్పను. కానీ ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆలోచించుకున్నాను. నా అనుమానం గడ్డిమందు సీసా దగ్గర పిల్లను కాపాడింది, నూతి దగ్గర కాపాడింది. ముసలావిడ దగ్గరికి వచ్చేసరికి అదే నన్ను పిల్ల పక్కనుంచి లేపి దొడ్లోకి నడిపించింది. అనుమానం తప్పని నేను ఇప్పటికీ అనను. పసిపిల్ల ఉన్న చోట అది ఉండాల్సిందే, నా మీద కూడా ఉండాల్సిందే. శ్రావణి చూపులో ఉన్నది అదే, అది న్యాయమే. వదిన వాళ్లింటికి మళ్లీ వెళ్తాం, ఈసారి అప్పలనర్సమ్మత్తకు మంచి చుట్టల కట్ట పట్టుకెళ్లాలి.

పిల్లలతో ఊరి ఇళ్లకు వెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్తాను: ఆ ఇంటివాళ్ల మంచాల కింద వెతకడానికి ముందు, మీ మాత్రలున్న సంచీని పిల్లకు అందనంత ఎత్తున తగిలించండి. ఎప్పుడైనా పిల్ల ఏదైనా మింగిందన్న అనుమానం వస్తే, ఇంటి వైద్యం చెయ్యకుండా ఆ రేకో సీసానో చేత పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.