ఓటీపీ వచ్చే నంబరు

మా లేసు కొట్టుకి గుమ్మం లేదు, బోర్డు లేదు. అది ఇంటర్నెట్లో ఉంటుంది. సరుకు మాత్రం నరసాపురంలో మా ఇంటి ముందుగదిలో, బీరువా నిండా ఉంటుంది. బల్లగుడ్డలు, సోఫా కవర్లు, చర్చిలో ప్రభుబల్ల మీద పరిచే గుడ్డలు, పెళ్లికూతుళ్ల ముసుగులు. అన్నీ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటి పనులు తెమిలాక అరుగు మీద కూర్చుని అల్లినవే. అమ్మ వాళ్లకి దారం ఇచ్చి, అల్లిక తీసుకుని వ్యాపారులకి వేసేది. కరోనా ఏడాది వ్యాపారులు సరుకు ఎత్తడం మానేస్తే, అక్కా నేనూ కలిసి ఈ ఆన్‌లైన్ కొట్టు పెట్టాం. అక్క రాజమండ్రిలో టీచరు. బడులు మూసి ఉన్నాయి కాబట్టి ఆమెకి తీరికే. సైటుకి ఇంటర్నెట్లో చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీలో ఖాతా ఆమె పేరు మీద, ఆమె ఫోన్ నంబరుతో తెరిచాం. అందులో ఆలోచించాల్సింది ఏమైనా ఉందని అప్పుడు ఇద్దరికీ తోచలేదు.

తర్వాత అమ్మకి జబ్బు చేసింది. రాజమండ్రి ఆసుపత్రిలో ఉంచాం. ఇక చేసేదేమీ లేదని డాక్టరు గారు చెప్పేశారు. అక్క ఒప్పుకోలేదు. విశాఖపట్నంలో ఇంకో ఆసుపత్రిలో మాట్లాడతానని వెళ్లింది. ఆమె అక్కడ బెడ్ కోసం తిరుగుతుండగా, ఇక్కడ నేను కాగితాల మీద సంతకం పెట్టి అమ్మని అంబులెన్సులో ఇంటికి తెచ్చేశాను. ఇంటికి పోదామని అమ్మే అడిగింది. చెబితే అక్క వద్దంటుందని తెలుసు కాబట్టి చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మ పోయింది.

అక్క వచ్చింది. సమాధుల దొడ్డిలో అందరితోపాటు పాట పాడింది, మట్టి వేసింది, నాతో ఒక్క మాటా మాట్లాడకుండా బస్సెక్కి వెళ్లిపోయింది. నేను చేసింది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. అసలు ఆ తర్వాత నాకు ఏదైనా అనిపించడమే తగ్గిపోయింది. అమ్మ పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూటానికి వచ్చినవాళ్లు నా చేతులు పట్టుకుని ఏడిస్తే, కాఫీలు చాలుతాయా లేదా అని చూసుకున్నాను. చెయ్యి మీద తలపెట్టి పడుకుంటే తిమ్మిరెక్కి, గిల్లినా తెలియదే, మనిషంతా అలా ఉన్నాను.

కొట్టు మాత్రం నడిచింది. దానికి మన బాధలతో పని లేదు. ఎక్కడో పుణేలో ఎవరో సోఫా కవర్లు కావాలంటారు, మనం పంపాలి. అయితే హోస్టింగ్ ఖాతాలోకి వెళ్లాలంటే ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ అక్క ఫోనుకి వెళ్తుంది. మొదటిసారి లాగిన్ నొక్కేసి, ఇప్పుడేం చెయ్యాలా అని కూర్చుంటే, ఒక నిమిషం తిరక్కుండా వాట్సాప్‌లో ఆరంకెలు వచ్చాయి. వాటి ముందు మాట లేదు, వెనక మాట లేదు. నేనూ థాంక్స్ అని పెట్టలేదు.

అప్పటినుంచి మా మధ్య ఉన్నది ఆ ఆరంకెలే. పాస్‌వర్డు మార్చినా, బ్యాకప్ తీసినా, సైటు నెమ్మదించిందని ఏదైనా కదిపినా, అక్కకి ఓటీపీ వెళ్లేది, నాకు అంకెలు వచ్చేవి. క్లాసులో ఉంటే వచ్చేవి కావు. పది నిమిషాలు దాటితే ఓటీపీ చచ్చిపోతుంది. అందుకని ఆమెకి ఏ రోజు ఏ పీరియడ్ ఖాళీనో నాకు మెల్లిగా తెలిసిపోయింది. ఆమెని అడగలేదు, ఎవరినీ అడగలేదు. ఓటీపీ ఎప్పుడు తొందరగా వస్తుందో, ఎప్పుడు రాదో చూసి తెలుసుకున్నాను. వాట్సాప్‌లో మా ఇద్దరి మధ్య పైనించి కిందిదాకా అంకెలే. ఎవరైనా చూస్తే ఇద్దరూ మట్కా ఆడుతున్నారేమో అనుకుంటారు.

ఇలా ఉండగా హోస్టింగ్ కంపెనీ వాళ్లు మెయిల్ పంపారు. వాళ్ల మెయిళ్లన్నీ శుభవార్త అని మొదలవుతాయి, తర్వాత ఏదో ఒకటి మూసేస్తున్నామని చెబుతాయి. ఈసారి పాత డేటాబేస్ వెర్షన్‌ని ఆపేస్తున్నారట. గడువులోగా కొత్త వెర్షన్‌కి మారకపోతే వాళ్లే మార్చేస్తారట, ఏదైనా పాడైతే పూచీ లేదట. డేటాబేస్ అంటే మా కొట్టు మొత్తం అదే. ఏ గుడ్డ ఎంత పొడవు, ఎవరు కొన్నారు, ఎక్కడికి పంపాలి, అన్నీ అందులోనే.

భీమవరంలో కంప్యూటర్ పనులు చేసే ఆయన ఒకరున్నారు. మా సైటుకి ఏ రోగం వచ్చినా ఆయనే వైద్యం చేస్తారు. ఆయన వచ్చి చూసి, ముందు బ్యాకప్ తీద్దాం, తర్వాత అప్‌గ్రేడ్ చేద్దాం, బాగోకపోతే వెనక్కి తిప్పేద్దాం అన్నారు. ప్రతి మెట్టుకీ ఓటీపీ అడుగుతుందని కూడా చెప్పారు.

"ఆ నంబరు ఎవరిదండీ?" అని అడిగారు.

మా అక్కదని చెప్పాను.

"అయితే ఇబ్బందేముందండీ, ఆవిణ్ణి ఫోన్లో లైన్లో ఉంచండి, గంటలో అయిపోద్ది."

ఆవిడ బడిలో ఉంటారని చెప్పి ఊరుకున్నాను. మేం మాట్లాడుకోమని బయటివాళ్లతో అనడానికి నోరు రాలేదు. అక్కకి తీరిక ఉండే రోజు చూసి ఆయన్ని రమ్మన్నాను.

ఆ రోజు బ్యాకప్‌కి ఓటీపీ వెంటనే వచ్చింది. అప్‌గ్రేడ్‌కీ వచ్చింది. అది పూర్తయ్యాక సైటు తెరిస్తే తెల్ల పేజీ, పైన ఒక ఇంగ్లీషు వాక్యం. మా కొట్టు సాఫ్ట్‌వేర్ పాతది, కొత్త డేటాబేస్‌తో దానికి పొసగలేదన్నారు ఆయన. కంగారేం లేదండీ, వెనక్కి తిప్పేద్దాం అని బటన్ నొక్కారు. ఓటీపీ అడిగింది. ఫోన్ చూస్తూ కూర్చున్నాం. రాలేదు. గడువు దాటాక మళ్లీ నొక్కారు. మళ్లీ రాలేదు. క్రిస్మస్ ముందు రోజులు, మాకు గిరాకీ అంతా అప్పుడే. ఆయన నా వంక చూస్తున్నారు. ఒక్క ఫోన్ చెయ్యండి అని పైకి అనలేదు గాని, ఆ మాట ఆయన మొహమ్మీద కనబడుతూనే ఉంది. నేను చెయ్యలేదు. టీ పెట్టి తెచ్చాను. మధ్యాహ్నమంతా ఆయన నొక్కుతూనే ఉన్నారు, కొట్టు మూతబడే ఉంది. అయ్యో అని కూడా నాకు అనిపించలేదు.

సాయంత్రం బడి వదిలే వేళకి అక్క దగ్గర్నుంచి అంకెలు వచ్చాయి. ఒకటి కాదు, మధ్యాహ్నం నుంచి వెళ్లినవన్నీ. మొదటిది ముందు, తర్వాతది తర్వాత, ఒక్కటీ వదలకుండా వరసగా పంపింది. గడువు తీరినవి పనికిరావని ఆమెకి తెలుసు. ఆఖరిది ఒక్కటే బతికి ఉంది. దాంతో ఆయన సైటుని వెనక్కి తిప్పేశారు, కొట్టు తెరుచుకుంది. వెళ్తూ వెళ్తూ, వేరే హోస్టింగ్‌కి మారిపోండి మేడమ్ గారూ, ఇలా అయితే కష్టం అన్నారు.

మారడానికే నిశ్చయించుకున్నాను. హోస్టింగ్ చూసుకోవడమంటే అద్దె ఇల్లు చూసుకోవడమే. అందరూ గదులు పెద్దవే అంటారు, నీళ్లు ఎప్పుడూ వస్తాయంటారు. సర్వర్ ముంబైలో ఉంటే మనకి దగ్గర, సింగపూర్‌లో ఉంటే కాస్త ఆలస్యం అని ఆయన చెప్పుకొచ్చారు. రోజూ బ్యాకప్ తీస్తారా, అప్‌గ్రేడ్‌కి ముందు నకలు మీద చేసి చూసుకునే వీలుందా అన్నవి ముఖ్యమన్నారు. నేను అడిగింది ఒక్కటే. ఫోన్ చేస్తే మనిషి ఎత్తుతాడా అని. ఎత్తే కంపెనీయే ఎంచుకున్నాను.

కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫోన్ నంబరు అడిగింది. నా నంబరు కొట్టాను. కాసేపైనా ఆలోచించానని రాసుకుంటే బాగుంటుంది గాని, ఆలోచించలేదు.

భీమవరం ఆయన ముందు కొట్టు సాఫ్ట్‌వేర్‌ని సరిచేసి, తర్వాత డేటాబేస్‌ని కొత్త చోటికి చేర్చారు. చివరికి సైటు పేరుని పాత కంపెనీ నుంచి విడిపించడానికి ఇంకొక్క ఓటీపీ కావాల్సి వచ్చింది. ఆదివారం ఆరాధన అయిపోయే వేళ చూసి నొక్కాను. క్షణంలో వచ్చింది. ఇదే ఆఖరిదని నాకు తెలుసు. అక్కకి తెలియదు. చెప్పలేదు.

క్రిస్మస్ వెళ్లింది, కొత్త సంవత్సరం వెళ్లింది. కొత్త హోస్టింగ్‌లో సైటు పరుగులు పెడుతోంది. ఓటీపీలు నా ఫోనుకే వస్తున్నాయి, నేనే కొట్టుకుంటున్నాను. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల దినాలు మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అక్క. సమాధుల దొడ్డి తర్వాత ఆమె గొంతు వినడం అదే మొదటిసారి.

"ఏమే, కొట్టు మూసేశావా?"

లేదన్నాను. హోస్టింగ్ మార్చానని, నంబరు నాదే ఇచ్చానని చెప్పాను.

"ఆ రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి పరీక్ష డ్యూటీ వేశారు. ఫోన్లు హెడ్మాస్టర్ గారి గదిలో పెట్టించేశారు," అంది. "బయటికొచ్చి చూస్తే అన్ని ఓటీపీలు. కాళ్లు చేతులు ఆడలేదు నాకు. మర్నాడే వెళ్లి ఆయన్ని బతిమాలాను, మా చెల్లెలికి అవసరం పడుద్ది, ఫోన్ నా దగ్గరే ఉంచుకోనివ్వండని. అప్పట్నించీ క్లాసులో కూడా చేతిలోనే ఉంటుంది. ఆ ఆదివారం తర్వాత ఒక్కటీ రాలేదు. ఇంక దేనికి పెట్టుకోమంటావు?"

ఆమె ఏడవడం లేదు. అడుగుతోంది, అంతే. చాలా కాలం తర్వాత నాకు నొప్పి తెలిసింది. అప్పుడైనా నేను అనాల్సిన మాట వేరే ఉంది. కాని నోట్లోంచి వచ్చింది, కొత్త ఖాతాలో నీ నంబరు కూడా కలపనా అని.

"వద్దు," అంది అక్క. "ఓటీపీకి వద్దు. ఊరికే ఫోన్ చెయ్యి."

సరే అన్నాను. ఆమె పెట్టేసింది.

ఈస్టర్ కూడా వెళ్లిపోయింది. ఇంకా చెయ్యలేదు. కోపం లేదు, నామోషీ కూడా లేదు. రోజూ ఆమెకి ఖాళీ పీరియడ్ చూసి ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. ఆమె ఎత్తి హలో అంటే, అడగడానికి పని ఏమీ లేకుండా, మొదటి మాట ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు.