అమ్మ ఉపవాసాలు

మా వైపు కడుపులో ఏ బాధ వచ్చినా దానికి ఒకటే పేరు, గేసు. గుండెల్లో మంటగా ఉంటే గేసు, నడుం పట్టేస్తే గేసు, పెళ్లిలో మితిమీరి తిని పొట్ట ఉబ్బినా గేసే. డుంబ్రిగుడ సంతలో బండి దగ్గర నిలబడి ఒక సోడా తాగి గట్టిగా తేన్చితే వైద్యం అయిపోయినట్టే. ఆ తేన్పు వినబడితే పక్కనున్నవాళ్లకు కూడా తృప్తిగా ఉంటుంది. మా అమ్మకు ఉన్నది గేసు కాదని మాకు తెలిసేసరికి ఆమె జాకెట్లన్నీ నేను రెండోసారి కుట్టి బిగించి ఉన్నాను.

నాన్న పోయాక అమ్మా నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నాది దగ్గరి స్కూల్లో టీచరు ఉద్యోగం. తమ్ముడు కాఫీ తోట చూసుకుంటూ పై ఊళ్లో ఉంటాడు. అమ్మ మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. శుక్రవారం ఉపవాస ప్రార్థన చాలా చర్చిల్లో ఉండేదే గానీ, మా ఊళ్లో దానికొక పద్ధతి ఉంది. ఊరికే ఉపవాసం ఉండరు, ఒక మనిషి కోసం ఉంటారు. ఎవరికి జ్వరం, ఎవరి కూతురికి కాన్పు, ఎవరికి పరీక్షలు అన్నది చెప్పుకుని, వాళ్ల కోసం ఈ వారం నేను అన్నం మానేస్తానని ఒకరు ఒప్పుకుంటారు. ఒప్పుకోవడంలో అమ్మ ఎప్పుడూ ముందే. మొదట శుక్రవారాలే ఉండేది. తర్వాత బుధవారాలు కలిశాయి. ఆ తర్వాత రాత్రిపూట భోజనమే పోయింది. ఊరన్నాక కష్టాలకు కరువేముంది, అమ్మ ఉపవాసాలకూ కరువు లేకపోయింది.

చాలా రోజులు నేను స్కూలు నుంచి వచ్చేసరికి గిన్నె మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉండేది.

“ఏటమ్మా, తిన్నేదా?”

“పొద్దున్న సోడంబలి తాగినానే. అదే ఉంది కడుపులో. పైగా ఇయ్యాల ఉపాసం.”

“మొన్న ఉన్నావు గదా?”

“మొన్న ఒకరికి, ఇయ్యాల ఇంకొకరికి. నువ్వు బేగి తిను, సల్లారిపోతాది.”

అమ్మ సోడంబలి అన్నది చోడి అంబలిని, చోళ్లు అంటే రాగులే. చోడి అంబలి తాగేవాళ్లకు కడుపు జబ్బులు రావని మా కొండల మీద అందరి నమ్మకం. అందులో కొంత నిజం ఉంది కూడా. రాత్రి పులిసిన అంబలి పొద్దున్నే తాగితే పొట్ట చల్లగా ఉంటుంది, విరేచనం సాఫీగా అవుతుంది. మైదానం నుంచి వచ్చి కొట్టు పెట్టుకున్న ఆసామి పొద్దున్నే పూరీలు తిని మధ్యాహ్నం దాకా ఛాతీ రుద్దుకుంటుంటే మేం నవ్వుకునేవాళ్లం. మన తిండికి మనం గర్వపడొచ్చు, తప్పులేదు. కానీ ఆ గర్వం మాకు కళ్లు కప్పేసింది.

చర్చిలో అందరూ అమ్మను మెచ్చుకునేవారు. ప్రార్థనలో గడిపి గడిపి ఆమె మొహానికి ఒక వెలుగు వచ్చిందని పాస్టరమ్మగారు కూడా అన్నారు. నేనూ కాస్త పొంగిపోయాను. రక్తం లేక మొహం తెల్లబడితే దాన్ని మేమందరం కలిసి వెలుగు అని పిలిచాం.

ఈస్టరు రోజు ఆరాధన అయ్యాక ప్రేమ విందు పెట్టారు. ఆ పూట ఉపవాసం అనడానికి వీల్లేదు గనక అమ్మ అందరితో పాటు కూర్చుని అన్నం, మాంసం కూర తింది. కాసేపటికి చర్చి వెనక గోడ పట్టుకుని వంగిపోయింది. వెళ్లి చూస్తే వాంతిలో కాఫీ పొడి కలిపినట్టు నల్లటి నలుసులు. “గేసే” అన్నారు ఎవరో వెనకనుంచి. నేను ఆ మనిషి మీద అరిచాను. ఆ సాయంత్రమే తమ్ముడు కారు మాట్లాడాడు, ఘాట్ దిగి విశాఖపట్నం తీసుకెళ్లాం.

డాక్టరు చిన్నవాడే, ఓపిక ఉన్నవాడు. మలం ఏ రంగులో వస్తోందని అడిగితే అమ్మ సిగ్గుపడి నా వైపు చూసింది.

“నల్లగానే వస్తాది బాబూ. సోడంబలి తాగీవోలం గదా.”

“అంబలికి కాస్త రంగు మారొచ్చమ్మా. తారులా జిగటగా, నల్లగా రాదు. లోపల ఎక్కడో రక్తం కారుతుంటేనే అలా వస్తుంది. ఆకలి ఎలా ఉంది?”

“ఆకలి దేవుడు తీసేసినాడు బాబూ.”

డాక్టరుకు అర్థం కాలేదు. అమ్మ సంతోషంగానే చెప్పింది. “ఉపాసాలుంటాను గదా. మొదట్లో ఆకలికి ఓర్సుకోనేకపోయీదాన్ని. తరవాత తరవాత రెండు ముద్దలకే కడుపు నిండిపోయీది. ముసిల్దాని కట్టం సూసి దేవుడే తీసేసినాడనుకున్నాను.”

నాకు అప్పుడు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో ఈరోజుకీ తెలియదు.

నోట్లోంచి గొట్టం వేసి చూశారు, స్కానింగు తీశారు. కడుపులో కేన్సరు, కాలేయం దాకా పాకింది. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నారు. కాస్త తినగానే కడుపు నిండిపోవడం, కారణం లేకుండా ఒళ్లు తగ్గిపోవడం, నల్లటి విరేచనం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆగకుండా రావాలని డాక్టరు చెప్పాడు. ఆ మూడూ మా ఇంట్లోనే ఉన్నాయి. మూడింటికీ మా దగ్గర మంచి మంచి కారణాలున్నాయి.

ఇంటికి తెచ్చుకున్నాం. ఇన్నాళ్లూ అందరి కోసం మానేసిన మనిషి కదా, ఈసారి సంఘమంతా ఆమె కోసం ఉపవాసం పూనుకుంది. ఆ మాట చెప్పడానికి ఆడవాళ్లు వస్తే అమ్మ ఒప్పుకోలేదు.

“నాకోసం ఎవులూ మానీకండి. ఒండుకొచ్చి ఇక్కడ తినండి. తినీవోల్ని సూత్తే నాకు బాగుంటాది.”

అలా శుక్రవారం మధ్యాహ్నాలు, ప్రార్థన వేళ, అమ్మ మంచం చుట్టూ కూర్చుని వాళ్లు క్యారేజీలు విప్పుకుని తిన్నారు. ఏడుస్తూ తిన్నారు. అమ్మ ఒక్కొక్కరి ముద్ద వైపు చూసి, కూర సరిపోయిందా అని అడిగేది.

నా వల్ల కాలేదు. ఒకరోజు కంచం పట్టుకుని పెరటి గట్టు మీదకు వెళ్లి కూర్చున్నాను. ఉపవాసం లేని రోజు అమ్మ తన అన్నం అక్కడికే తెచ్చుకునేది, ఎండ తగులుతుందని; ఆ రోజుల్లో గిన్నె ఖాళీగానే ఉండేది. నేను కూర్చున్నానో లేదో, పెరట్లో ఉన్న కోళ్లన్నీ పరుగెత్తుకొచ్చి నా కాళ్ల చుట్టూ మూగి, మెడలెత్తి కంచం వైపు చూశాయి. నాకు అప్పుడర్థమైంది.

లోపలికి వెళ్లి, అన్నం కోళ్లకెందుకు పెట్టావని అడిగాను.

“పారెయ్యడానికి సేతులు రానేదే గుంటా. అన్నం గదా. నువ్వు పొద్దున్నే లెగిసి ఒండి ఎల్తావు. తిన్నేదంటే నీకు కట్టంగా ఉంటాది.”

నాకు కష్టంగా ఉంటుందని నా వంట కోళ్లకు పెట్టింది. ఆ మాటకు ఆమె దిండు పక్కనే తల పెట్టుకుని ఏడ్చాను. అమ్మ నా తల నిమురుతూ అన్నం చల్లారిపోతోందని చెప్పింది.

వానలు మొదలవుతుండగా పోయింది. జ్ఞాపకార్థ కూడికకు భోజనాలు పెట్టాలి. తమ్ముడు పెరట్లో కోళ్లను పట్టాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. ఏమని చెప్పను? నేనే వండాను, నేనే వడ్డించాను.

సీతంపేట నుంచి వచ్చిన మా పెదనాన్న కోడలు ముక్క కొరికి, బాగుందని తల ఊపింది.

“కోల్లు మా బలంగా ఉన్నాయొదినా. ఏటి మేపినారు?”

“మా అమ్మ అన్నం,” అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. ఇంకాస్త కూర వెయ్యమని విస్తరి ముందుకు జరిపింది. వేశాను.