అల్లుడి కంచంలో బొచ్చె తలకాయ

నిత్యానందానికి చేప తలకాయంటే గిట్టదు. ఆ మాట భార్య పెర్సిస్‌తో కూడా అనలేదు మహానుభావుడు. చేపల చెరువుల ఆకివీడుకి అల్లుడై ఉండి చేప తలకాయ వద్దనడమా, ఎంత మాట!

తాడేపల్లిగూడెంలో హైస్కూలు మాస్టారాయన. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆకివీడు వెళ్లిన ప్రతిసారీ అత్తగారు ప్రభావతమ్మ చెరువు దగ్గర నుంచి పెద్ద బొచ్చె చేప తెప్పించడం, పులుసులో ఉడికిన తలకాయ అల్లుడి కంచంలో పెట్టడం, ఈయన దాని కళ్లలోకి చూడకుండా నమలడం. కిందటి క్రిస్మస్‌కి ముల్లు గొంతులో దిగి ఆసుపత్రికి పరిగెత్తారు. అయినా నోరు విప్పలేదు. వద్దంటే పెద్దావిడ ఎక్కడ చిన్నబుచ్చుకుంటుందోనని భయం. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. ఈయనకి ముల్లయింది.

మొన్న ఆదివారం అందరూ చర్చి నుంచి ఆకివీడు ఇంటికొచ్చారు. ఏలూరులో సోషియాలజీ చదువుతున్న కూతురు బ్లెస్సీ నోట్‌బుక్ తీసింది.

"ఇష్టం లేకపోయినా నలుగురి కోసం చేసే పని ఒకటి చెప్పండి డాడీ. ప్రాజెక్టుకి."

"నాకేముందమ్మా, అన్నీ ఇష్టమే," అన్నాడాయన వంటింటి వైపు చూస్తూ. పచ్చి అబద్ధం.

"మన ఇష్టం అనుకునేది కూడా చుట్టూ ఉన్నవాళ్లు నేర్పిందేనంటారు మా మేడమ్," అంటూ బ్లెస్సీ వంటింట్లోకి వెళ్లింది. "నువ్వు చెప్పు అమ్మమ్మా."

ప్రభావతమ్మ గరిటె పక్కన పెట్టింది. "చెబితే నవ్వుతావు. చిన్నప్పుడు బొచ్చె తలకాయంటే నాకు ప్రాణం. పెళ్లయ్యాక అది మీ తాతయ్యది. ఆయన పోయాక, మీ అమ్మ పెళ్లి దగ్గర్నుంచీ మీ డాడీది. మగాళ్లుండగా ఆడది తలకాయ తింటే ఏం బాగుంటుందే? తోకముక్కతో సరిపెట్టుకున్నాను."

వసారాలో ఉన్న నిత్యానందం ఆ మాటలన్నీ విన్నాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. గబగబా గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అత్తయ్యగారూ, కోపం తెచ్చుకోకండి. నాకు తలకాయ పడదండి. మొదటినుంచీ పడదు."

ఆవిడ తెల్లబోయింది. "ఇరవై రెండేళ్లా? చెప్పద్దాండీ?"

"మీరు మాత్రం చెప్పారా అండీ?"

పెర్సిస్ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భోజనాల దగ్గర తోకముక్క తనే తెచ్చి భర్త కంచంలో వేసింది. ఆ ఇంట్లో ఆయన హాయిగా అన్నం తినడం అదే మొదలు.

ప్రభావతమ్మ తలకాయని రెండు చేతులా పట్టుకుంది. నోటిదాకా తీసుకెళ్లి ఆగింది. డెబ్బై ఏళ్ల మనిషి.

"మీరంతా కాస్త అటు తిరగండి. సిగ్గేస్తోంది," అంది.

ముగ్గురూ కంచాలు పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు.