తయ్యిబ్ గౌస్

సౌదీలోని నజ్రాన్‌లో ఉండే మనవాళ్లు గౌస్ మొహిద్దీన్‌ను తయ్యిబ్ గౌస్ అంటారు. తయ్యిబ్ అంటే సరే. పందొమ్మిదేళ్లుగా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంట్లో కారు తోలుతున్న ఈ రాయచోటి దూదేకులాయనకు అరబ్బీలో కుడి, ఎడమ, నేరుగా, ఆపు అనే మాటలు వచ్చు. మిగతా దేనికైనా గుండె మీద చెయ్యి పెట్టుకుని తయ్యిబ్ అంటాడు. తలూపడం గంగిరెద్దే ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఇంట్లో మాట్లాడేది తెలుగే గనక, ఉర్దూ కూడా రూములో పాకిస్తానీ డ్రైవర్ల దగ్గర ఏరుకున్నదే. ఊరికి ఫోన్ చేస్తే మాత్రం అరబ్బీ నాకు మంచినీళ్ల ప్రాయం అనేవాడు. పెళ్లాం మదార్బీ నమ్మేది.

ఆమె విజిట్ వీసా మీద వచ్చిన మూడో శుక్రవారం, కొండల కింది పాత కప్పు వంతెన చూపిస్తానని బయల్దేరదీశాడు. తాళాలిస్తూ కఫీల్ ఏదో పొడవుగా చెప్పాడు. అందులో గౌస్ చెవిన పడింది ఒక్క మాట, సైల్. రూములో పాకిస్తానీలు షికారును సైర్ అంటారు.

"తయ్యిబ్," అన్నాడు. పెళ్లాం వైపు తిరిగి, "చూస్తివా, కఫీలే సైర్ చేసి రాపోండి అంటాండాడు," అన్నాడు.

రాతి కాళ్ల మీద ఖర్జూరపు మొద్దుల కప్పు. వంతెన లోపల పట్టపగలే చీకటిగా ఉంది. కింద ఏరు పేరుకే ఏరు, ఉన్నదంతా ఇసుకే. సెలవు రోజైనా ఒడ్డున పార్కులో నరమానవుడు లేడు. ఎగువ కొండల మీద ఆకాశం నల్లబడి ఉంది. మదార్బీ మనసు కీడు శంకించింది.

"ఈడ ఎవురూ లేరు. ఇంటికి పోదాంపా."

"మన పాపాఘ్ని మాదిరి ఎండిపోయిన ఏరు. ఏం జేస్తాది?"

అంతలో పార్కు కాపలా ముసలాయన పరుగున వచ్చాడు. ఇసుకనూ కొండలనూ చూపిస్తూ, "సైల్ జాయ్, సైల్ జాయ్," అన్నాడు. గౌస్ గుండె మీద చెయ్యి పెట్టుకుని తయ్యిబ్ అన్నాడు. మనిషికి అర్థమైందనుకుని ముసలాయన అవతలి గేటు మూయడానికి వెళ్లాడు.

"ఆయప్ప ఏమంటాండాడు?"

"సైర్ జావో అంటాండాడు. ఇసకలో కొండ దిక్కు నడిచి రావాలంట. పోయిరామ్మే, నేను పైనుంచి వీడియో తీస్తా."

మదార్బీ చెప్పులు చేతబట్టుకుని దిగింది. ఆమె ఏటి నడుమకు చేరేసరికి మేకల మంద ఒకటి, వెనక కాపరి లేకుండానే, ఒడ్డెక్కి పరుగెత్తింది. గౌస్ దాన్నీ వీడియో తీశాడు. తర్వాత కప్పు నుంచి మట్టి రాలింది. లారీ వస్తోందనుకున్నాడు. ఆ వంతెన మీద లారీలు తిరగవు.

వంపు దగ్గర ఎర్రనీళ్లు గోడలా తిరిగాయి. గౌస్ కేక పెట్టాడు గానీ ఆ హోరులో ఎవరికి వినబడుతుంది. ఆయన మెట్లు దిగేలోపే ముసలాయన నడుముదాకా నీళ్లలో దిగి, తలగుడ్డ విసిరి, మదార్బీని ఒడ్డుకు ఈడ్చాడు. చెప్పులు పోయాయి, మనిషి దక్కింది.

ముసలాయన రొప్పుతూ నీళ్లకేసి చెయ్యి చూపి, పసిపిల్లలకు చెప్పినట్టు మెల్లగా, "సైల్," అన్నాడు.

వణుకు తగ్గాక మదార్బీ మొగుడి మొహంలోకి చూసింది. "పొద్దున మీ కఫీల్ గూడా ఈ మాటే అనె. నేను విన్యా."

సైల్ అంటే షికారు కాదు వరద అని, జాయ్ అంటే పొమ్మని కాదు వస్తోందని గౌస్‌కు అప్పుడు తెలిసింది.

"పందొమ్మిదేండ్ల నుంచి వీళ్లు ఇంకేమేం చెప్పినారో. నువ్వు వేటివేటికి సరే అన్న్యావో."

అది విన్నాక గౌస్‌కు నీళ్లను చూసినప్పటికంటే ఎక్కువ భయమేసింది. జేబులో ఫోన్ మోగింది. కఫీల్. ఈసారీ పొడవుగా, గట్టిగా ఏదో చెబుతున్నాడు. గౌస్ చెయ్యి అలవాటు కొద్దీ గుండె మీదికి పోయింది. మదార్బీ ఆ చేతినే చూస్తోంది. అవతల కఫీల్ జవాబు కోసం ఆగాడు. గౌస్ చెయ్యి దించి, ఫోన్ ముసలాయన చేతిలో పెట్టాడు.