బంద్ రోజున ట్రక్కుకు పరీక్ష

ఆ రోజుల్లో తెలంగాణ ఉద్యమం మంచి జోరు మీదుండేది. వారం తిరక్కుండా ఏదో ఒక బంద్ వచ్చిపడేది. మా వీధి పిల్లలకు బంద్ అంటే నడిరోడ్డు మీద క్రికెట్. నాకైతే ట్రక్కు పండగ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కొత్తగా ఫిజిక్స్ చెబుతున్న నేను, తోటి లెక్చరర్లంతా బైకులు కొనుక్కుంటుంటే, బడంగ్‌పేట్‌లో ఒక రైతు దగ్గర ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలపు ట్రక్కు కొన్నాను. ఒకప్పుడు పాలకూర, కొత్తిమీర మలక్‌పేట దాకా మోసిన బండి. పొలం ప్లాట్లయ్యాక కొట్టంలో పడి కోళ్ళకు ఇల్లయింది. (కోళ్ళను ఖాళీ చేయించగలిగాను గానీ వాటి వాసనను ఖాళీ చేయించడం నా వల్ల కాలేదు.) "మంచిగ చూస్కో సారూ, మా నాయిన గిండ్లనే నన్ను బడికి తోల్కపోతుండె" అని ఆ రైతు బానెట్ మీద చెయ్యి వేసి మొహం అటు తిప్పుకున్నాడు. ఆ ఒక్క మాటకు నేను పూర్తిగా పడిపోయాను.

బంద్ రోజున క్లాసులుండవు కాబట్టి పొద్దున్నే దాని కిందికి దూరేవాణ్ణి. గ్రీజు పూసుకుని బయటికొస్తే అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి బకెట్టుతో నీళ్ళు కుమ్మరించేది. నాన్న సంగతి వేరు. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆఫీసు మనిషి, మాటంటే మాటే. "ఏరా, నువ్వు పాఠాలు చెప్పేవాడివా, షెడ్డువాడివా? ఇది గేటుకు అడ్డంగా ఉంటే పాలవాడు కూడా గోడ దూకి రావాల్సొస్తోంది" అని కొన్నాళ్ళు సణిగి, చివరికి తీర్పు చెప్పేశారు. "నన్ను ఎల్బీ నగర్ దాకా తీసుకెళ్ళి, ఎక్కడా ఆగకుండా ఇంటికి తీసుకురా. తెచ్చావా, ఉంచుకో. మధ్యలో ఆగిందా, అటునుంచి అటే తుక్కు కొట్టుకు."

నాకు తిండి సయించలేదు. ఆ ట్రాఫిక్‌లో ఆగకుండా వెళ్ళడం కొత్త కార్లకే చేతకాదు. అప్పుడు తట్టింది నాకు, బంద్ రోజు రోడ్లన్నీ ఖాళీ కదా అని! (ఇంత తెలివైన ఆలోచన నాకు జీవితంలో మళ్ళీ రాలేదు, రాకపోవడమే మంచిది.) మళ్ళీ బంద్ రాగానే, ఆ రోజు పేపరు కూడా చూడకుండా, హ్యాండిల్ తిప్పి తిప్పి, భుజం పడిపోయేలోగా బండి స్టార్ట్ చేశాను. నాన్న ఇస్త్రీ చొక్కా నలగకుండా పక్కన కూర్చున్నారు. కొత్తపేట దాటేదాకా బండి హాయిగా దడదడలాడుతూ పోయింది. గాలికి నాన్న జుట్టు లేచి నిలబడింది. మీసాల చాటున చిన్న నవ్వు కూడా కనిపించింది. ఇక గెలిచినట్టే అనుకున్నాను.

ఎల్బీ నగర్ చౌరస్తాకు వచ్చేసరికి నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంగాళాలు, చుట్టూ జెండాలు, డప్పులు. ఆ రోజు వంటావార్పు అట. నిరసనగా రోడ్డు మీదే వండుకుని అందరూ అక్కడే కూర్చుని తినడమన్నమాట. బ్రేకు తొక్కాను. బండి ఆగింది, ఇంజను చచ్చింది, రేడియేటర్‌లోంచి ఆవిరి బుస్సున లేచింది. "నోరు విప్పకు. మన యాస వింటే ఏమనుకుంటారో" అని నాన్న గుసగుసలాడారు. ఈలోగా ఒక బుంగమీసాల పెద్దమనిషి ఎదురొచ్చి, "శెభాష్! రోడ్డుకు అడ్డం బెట్టనీకి ఏం దొర్కక పరేషానైతున్నం. మంచి బండి పట్టుకొచ్చిండ్రు! చూడుండ్రా, మన అన్నం ఉడకక ముందే గీ బండి ఉడికింది!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. మా ఇద్దరి మెడల్లో కండువాలు పడ్డాయి. మమ్మల్ని దింపి, చేతుల్లో విస్తళ్ళు పెట్టి, పప్పూ అన్నం వడ్డించారు.

నాన్న ఒక ముద్ద తిన్నారు. యాస, భయం అన్నీ మరిచిపోయారు. "ఇందులో చింతపండు చాల్లేదండీ. కాస్త ఇంగువ కూడా పడాలి."

డప్పు ఆగింది.

"ఆంధ్రోల్లా?" అన్నాడు బుంగమీసాలాయన.

"అవునండీ. గుంటూరు" అన్నారు నాన్న, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని.

"మరి చూస్తరేంది? రెండో గంగాళం మీరే పట్టుండ్రి. కారం మాత్రం జర తక్కువెయ్యుండ్రి, మీ కారం సంగతి మాకు తెల్వదా!"

నాన్న ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి గరిటె అందుకున్నారు. ఆ పప్పుకు జనం రెండోసారి వరస కట్టారు. ఈ ఊరొచ్చాక ఆయన అంత ఆనందంగా ఉండగా నేను చూడలేదు.

సాయంత్రం వాళ్ళే రేడియేటర్‌లో నీళ్ళు నింపి, డప్పు కొడుతూ బండిని తోశారు. నాలుగు దగ్గులు దగ్గి అది కదిలింది. తుక్కు కొట్టు దగ్గరపడిన కొద్దీ నేను వేగం పెంచాను. నాన్న అటువైపు చూడనైనా లేదు. ఇంటికొచ్చేసరికి అమ్మ గేటులోనే నిలబడి ఉంది.

"ఆగిందా?" అంది.

జీవితంలో అబద్ధమాడని మా నాన్న మెడలో కండువా సర్దుకున్నారు. "ఇది ఆగలేదు, వాళ్ళు ఆపారు. బంద్‌లో ఆగిన బండిని తప్పు పడితే ఎలా?" అని లోపలికి నడుస్తూ, "ఒరేయ్, దానికో మంచి రేడియేటర్ చూడు. వచ్చే బంద్‌కు మళ్ళీ వెళ్దాం" అన్నారు.

ఇప్పుడు ఆ చౌరస్తా మీదుగానే రోజూ కారులో వెళ్తాను. మీట నొక్కితే చాలు, స్టార్టవుతుంది. ఎక్కడా ఆగదు, ఎవరూ అన్నానికి పిలవరు. ఒళ్ళంతా గ్రీజు పూసుకుని ప్రపంచాన్ని జయించినట్టు తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.